హెచ్ అంటే హెచ్చరికేనా?

మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఎర్ర అక్షరాలు కొత్త కాదు. బిల్డ్ ఫెయిలైతే ఎరుపు, సర్వర్ పడిపోతే ఎరుపు. లాగ్ ఫైలులో వందలకొద్దీ వార్నింగులు కనిపించినా, కాఫీ తాగుతూ కిందికి జరుపుకుంటూ పోగల గుండె నిబ్బరం మనది. అదే మనిషికి రక్తపరీక్ష రిపోర్టులో ఒక అంకె పక్కన ఎర్రగా 'హెచ్' అన్న అక్షరం కనిపిస్తే మాత్రం ఆ రాత్రికి నిద్ర ఉండదు. హెచ్ అంటే హెచ్చు. మనం చదువుకునేది మాత్రం హెచ్చరిక అని!

ఈసారి ఆ ఒక్క అక్షరం గురించి మాట్లాడుకుందాం. నేను డాక్టర్ని కాను. కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేసి, కన్సల్టింగు చేసుకుంటున్నవాణ్ణి. కనక వైద్యం జోలికి పెద్దగా పోను. ఆ అక్షరం వెనకాల ఉన్న లెక్క మాత్రం మనకి బాగా తెలిసిన లెక్కే.

డాక్టరు కంటే ముందు మనమే

ఇదివరకు ల్యాబు రిపోర్టు ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళేది. ఆయన చూసి, అవసరమైతే ఫోన్ చేసేవాడు. అమెరికాలో 2016లో వచ్చిన క్యూర్స్ చట్టం కింద చేసిన నిబంధనలు 2021 ఏప్రిల్ 5 నుంచి అమల్లోకి వచ్చాక ఈ వరస మారింది. ఫలితాలను అకారణంగా ఆపి ఉంచకూడదు కాబట్టి, ల్యాబులో అంకె తయారైన కాసేపటికే మన ఫోను మోగుతుంది. మన సమాచారం మన చేతికి రావడం మంచిదే. కానీ శుక్రవారం రాత్రి అంకె వస్తుంది, సోమవారం గాని డాక్టరు చూడడు. ఆ మధ్యలో ఉన్నది మనమూ, సెర్చ్ ఇంజనూ!

పోయిన ఏడాది వార్షిక పరీక్షల్లో నాకూ ఒక హెచ్ వచ్చింది. ఏ.ఎల్.టి. అని కాలేయంలో ఉండే ఒక ఎంజైము. కాలేయ కణాలు దెబ్బతింటే అది రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. ల్యాబు వాళ్ళు ఇచ్చిన పై హద్దు 44, నాది 57. సెర్చ్ ఇంజను మూడో లింకులోనే సిర్రోసిస్ దాకా తీసుకెళ్ళింది. గుంటూరులో అమ్మకి చెబితే, "నేల ఉసిరి రసం తాగరా, కామెర్లు దగ్గరికి రావు" అంది. పక్క క్యూబులో మిత్రుడు, "నాకు మూడేళ్ళుగా అరవై పైనే ఉంది, ఏమైంది? దున్నపోతులా ఉన్నాను" అన్నాడు. భయపడేవాళ్ళూ, అసలు పట్టించుకోనివాళ్ళూ ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఆ 44 ఎక్కణ్ణుంచి వచ్చింది?

నూటికి 95 మంది

సాధారణంగా రిపోర్టులో కనిపించే రెఫరెన్స్ రేంజిని తయారుచేసే పద్ధతి ఇది. ఆరోగ్యంగా ఉన్నారనుకున్న కొంతమందిని తీసుకుంటారు. కనీసం 120 మంది ఉండాలని ప్రమాణం. వాళ్ళ అంకెలన్నీ వరసగా పేర్చి, కిందినుంచి రెండున్నర శాతం, పైనుంచి రెండున్నర శాతం కత్తిరిస్తారు. మధ్యలో మిగిలిన 95 శాతమే 'నార్మల్'. అంటే, నిర్వచనం ప్రకారమే ఆరోగ్యవంతుల్లో నూటికి ఐదుగురు గీతకి అవతల పడతారు. వాళ్ళకి జబ్బుండి కాదు, గీత అక్కడ గీశారు కాబట్టి.

ఇప్పుడు చిన్న లెక్క. ఒక్క పరీక్షలో గీత లోపల ఉండే అవకాశం 0.95. వార్షిక పరీక్షల్లో మామూలుగా చేసే మెటబాలిక్ ప్యానెల్‌లో 14 అంకెలుంటాయి. 0.95ని 14 సార్లు గుణిస్తే దాదాపు 0.49. అంటే, నిక్షేపంగా ఉన్న మనిషికి కూడా కనీసం ఒక హెచ్ గాని ఎల్ గాని వచ్చే అవకాశం సగానికి సగం. 20 పరీక్షలైతే 64 శాతం. 30 అయితే 78 శాతం పైమాటే. నిజానికి ఈ అంకెలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావు. హిమోగ్లోబిన్ పెరిగితే హెమటోక్రిట్ కూడా పెరుగుతుంది. కనక అసలు అవకాశం ఇంతకంటే కొంచెం తక్కువే. అయినా సంగతి అర్థమైంది కదా: ముప్పై అంకెల రిపోర్టులో ఒక్క ఎర్ర అక్షరమూ లేకపోతేనే కాస్త ఆశ్చర్యపోవాలి.

గీతలు రెండు రకాలు

అలాగని అన్ని గీతలూ ఇలా గీసినవి కావు. చక్కెర, కొలెస్టరాల్ లాంటి వాటిలో గీతని జనం సగటు చూసి పెట్టరు. ఏ అంకె దాటితే మున్ముందు జబ్బు ఎక్కువగా వస్తోందో చూసి నిపుణులు కూర్చుని నిర్ణయిస్తారు. పరగడుపున చక్కెర 126 దాటితే మధుమేహం, హెచ్‌బీఏ1సీ 6.5 దాటితే మధుమేహం అన్నవి అలాంటివి (రెండోసారి చూసి నిర్ధారించుకున్నాకే లెండి). ఇక్కడ గీత దాటడాన్ని 'నూటికి ఐదుగురిలో నేనొకణ్ణి' అని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు.

తమాషా ఏమిటంటే, ఈ రెండో రకం గీతలు కూడా దేశానికొక చోట ఉంటాయి. హెచ్‌బీఏ1సీ 5.8 వచ్చిన తెలుగువాడు డాలస్‌లో ప్రీ డయాబెటిక్, ఎందుకంటే అమెరికాలో ఆ గీత 5.7 దగ్గర మొదలవుతుంది. అతనే విమానమెక్కి లండన్‌లో దిగితే నార్మల్. అక్కడ గీత 6.0 దగ్గర ఉంది. పైగా అక్కడి రిపోర్టులో 5.8 అని కాక 40 అని ఉంటుంది, కొలమానం వేరు కనక. పరగడుపు చక్కెరకి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2003లో గీతని 110 నుంచి 100కి దించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 110 దగ్గరే ఉండిపోయింది. 104 ఉన్న మనిషి రక్తంలో ఏ మార్పూ రాలేదు, పేరు మారిందంతే.

పరీక్షకి ముందు మీరెవరు?

బేయిస్ సూత్రం పరీక్షల కోసం బట్టీపట్టి మర్చిపోయినవాళ్ళకి ఒక ఉదాహరణ. వెయ్యిమందిలో ఒకరికి ఉండే జబ్బు ఒకటుందనుకుందాం. జబ్బున్నవాళ్ళలో నూటికి 90 మందిని పట్టుకునే పరీక్ష, లేనివాళ్ళలో ఐదుగురిని పొరపాటున పట్టుకుంటుందనుకుందాం. పదివేల మందికి చేస్తే జబ్బున్న పదిమందిలో తొమ్మిది మంది దొరుకుతారు. జబ్బు లేనివాళ్ళలో సుమారు 500 మంది దొరుకుతారు. ఎర్ర అక్షరం చూసి నిద్రపట్టని 509 మందిలో నిజంగా జబ్బున్నది తొమ్మిది మందికి!

ఇదే లెక్కని తిరగేసి చూడండి. జబ్బు అంత అరుదు కాకపోతే? హైదరాబాదులో 345 మంది ఐటీ ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం ఒకటి 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చింది. వాళ్ళలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. కుర్చీలో కదలకుండా పని, రాత్రుళ్ళు కాన్ఫరెన్స్ కాల్స్, వేళ తప్పిన భోజనం... దేశం మారినా మన దినచర్య పెద్దగా మారలేదు. చక్కెర సంగతీ అంతే. తెల్లవాళ్ళ కంటే తక్కువ బరువులోనే మనకి మధుమేహం వస్తోందని, ఆసియా మూలాలున్నవాళ్ళకి బీఎంఐ 25 కాక 23 నుంచే పరీక్షలు మొదలుపెట్టమని 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పింది. కనక నా హెచ్ వచ్చింది ఎవరో అరుదైన జబ్బు గురించి భయపడే మారథాన్ వీరుడికి కాదు. 84 కిలోల సాఫ్ట్‌వేర్ మనిషికి. ఆ తేడా రిపోర్టులో ఎక్కడా అచ్చవదు.

గీత కన్నా దారి ముఖ్యం

సోమవారం మా డాక్టరు మొదట అడిగింది పాత అంకెలు. కాంట్రాక్టు మారినప్పుడల్లా ఇన్సూరెన్సు మారింది, దాంతోపాటు ల్యాబూ మారింది. నాలుగు పోర్టళ్ళలో వెతికి తీసి ఒక స్ప్రెడ్‌షీటులో పెడితే ఇలా వచ్చింది: 28, 35, 42, 57. మొదటి మూడూ నల్ల అక్షరాలే. ఏ పోర్టల్‌కా పోర్టల్ తన గీతతో పోల్చి 'అంతా బాగుంది' అంది. మానిటరింగ్ చేసినవాళ్ళకి ఇది తెలిసిన కథే: డిస్కు 90 శాతం నిండితే అలారం మోగేలా పెడతాం, రోజూ రెండు శాతం చొప్పున నిండుతున్న సంగతి అలారానికి తెలియదు.

మనిషికి తన రక్తం తనదే. ఆరోగ్యవంతుల్లో రక్తకణాల అంకెలు ఎవరి స్థాయిలో వారికి ఏళ్ళ తరబడి నిలకడగా ఉంటాయని 2024 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. క్రియాటినిన్ ఎప్పుడూ 0.7 ఉండే మనిషికి 1.1 వస్తే గీత లోపలే ఉండొచ్చు, కానీ అడగవలసిన మార్పే. ఎప్పుడూ గీతకి కాస్త అవతలే కదలకుండా ఉండే అంకె అంతకంటే నయం కావచ్చు. బిలిరుబిన్ జన్మతః కొంచెం ఎక్కువగా ఉండే గిల్బర్ట్ సిండ్రోమ్ అలాంటిదే. దానికి మందూ అక్కర్లేదు, దిగులూ అక్కర్లేదు.

మళ్ళీ చెయ్యడం, సరిగ్గా చెయ్యడం

కొంచెం తేడాగా వచ్చిన అంకెకి సాధారణంగా మొదటి మందు రెండో పరీక్ష. అప్పుడప్పుడూ మాత్రమే కనిపించే బగ్‌ని మళ్ళీ తెప్పించి చూడకుండా కోడు మార్చం కదా! పరీక్షకి ముందు రెండు మూడు రోజుల్లో జిమ్‌లో బరువులు బాగా ఎత్తితే కండరాల నుంచి కూడా ఏ.ఎల్.టి. వస్తుంది. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు కొన్ని థైరాయిడ్ పరీక్షలని తప్పుదారి పట్టిస్తాయని ఎఫ్.డి.ఏ. 2017లోనే హెచ్చరించింది. రక్తం తీసేటప్పుడు కణాలు చిట్లితే పొటాషియం లేని ఎత్తుకి పోతుంది. ఇనుము లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ ఎక్కువగా కనిపించవచ్చు.

అమ్మ చెప్పిన రసం గురించి అడిగితే మా డాక్టరు నవ్వలేదు. "మళ్ళీ పరీక్ష అయ్యేదాకా కొత్తగా ఏదీ మొదలుపెట్టకు, మూలికలు కూడా" అంది. పసుపు మాత్రలు, అశ్వగంధ వాడినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయట. కూరలో వేసే పసుపు సంగతి కాదు, మాత్రల్లో గాఢంగా దట్టించిన పసుపు సంగతి.

ఆరు వారాల తర్వాత నా రెండో అంకె 54. హెపటైటిస్ బి, సి పరీక్షల్లో ఏమీ లేదు. అల్ట్రాసౌండులో కొవ్వు కనిపించింది. బరువులో ఏడు శాతం, అంటే నా లెక్కన ఆరు కిలోలు తగ్గమన్నారు. మందులు లేవు. ఎనిమిది నెలల్లో ఐదు కిలోలు తగ్గాక 38 వచ్చింది. ఎర్ర అక్షరం పోయింది. కానీ మగవాళ్ళలో నిజమైన ఆరోగ్యపు పై హద్దు 29 నుంచి 33 మధ్యేనని 2017లో అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ నిపుణుల సంఘం చెప్పింది. ఆ లెక్కన నాకింకా పని మిగిలే ఉంది. హెచ్ ఉన్నంత మాత్రాన జబ్బు లేదు, హెచ్ లేనంత మాత్రాన ఆరోగ్యమూ లేదు.

ఇదంతా 'కొంచెం' తేడా గురించే సుమా. అంకె గీతకి ఎన్నో రెట్లు దూరంగా ఉన్నా, ఛాతీలో నొప్పి, కళ్ళు పచ్చబడటం, ఉన్నట్టుండి బరువు తగ్గడం లాంటివి తోడున్నా సంభావ్యతా శాస్త్రం పక్కనపెట్టి వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యండి.

మిగతావాళ్ళకి ఈ వారాంతంలో ఒక గంట పని. మీ పాత రిపోర్టులన్నీ దించుకుని ఒకే ఫైలులో తేదీ, ల్యాబు, అంకె, కొలమానం, ల్యాబు హద్దు అని ఐదు కాలములు పెట్టండి. కొలమానం కాలమ్ మర్చిపోవద్దు. విటమిన్ డి ఒక కొలతలో 20 అయితే ఇంకో కొలతలో 50. ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేసి నాన్నగారివి, అమ్మగారివి కూడా ఫొటోలు తీసి పంపించమనండి. బీరువాలో చీరల కింద, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంటాయి. ఎవరూ వరసగా పెట్టి చూసి ఉండరు.