సర్వర్ చిరునామా మారినప్పుడు

సర్వర్‌కు ఉండే ఐపీ అడ్రస్ అద్దింటి డోర్ నంబరు లాంటిది. చాలా సంస్థలకు ఆ అంకెలు సొంతం కావు; డేటా సెంటర్‌వో, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీవో అయి ఉంటాయి. సర్వర్‌ను లారీ ఎక్కించి మరో డేటా సెంటర్‌కు చేరిస్తే పాత అంకెలు పాతచోటే ఉండిపోతాయి. మన దేశంలో ఐఆర్ఐఎన్ఎన్ రిజిస్ట్రీ నుంచి సొంతంగా అడ్రస్‌లు తీసుకున్న సంస్థలు వాటిని వెంట తీసుకెళ్లవచ్చు. కానీ ఐపీవీ4 అనే పద్ధతిలో మొత్తం ఉన్న అడ్రస్‌లే సుమారు 429 కోట్లు. అందరికీ ఆ వీలు దొరకదు.

వెబ్‌సైట్ చూసేవారికి ఈ మార్పు తెలియకుండా కాపాడేది డీఎన్ఎస్. 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన ఈ ఏర్పాటుకు పేరు ఇస్తే అంకెలు చెబుతుంది. ఆ జవాబును మధ్యలోని సర్వర్లు కొంతసేపు గుర్తుంచుకుంటాయి. ఎంతసేపన్నది టీటీఎల్ అనే గడువు సెకన్లలో చెబుతుంది. అది 86400 అయితే ఒక రోజు. ఉదయం అడ్రస్ మార్చినా కొందరు మర్నాటిదాకా పాత తలుపే తడుతుంటారు. అందుకే గడువును 300కు, అంటే 5 నిమిషాలకు, ముందే తగ్గించి పెట్టుకోవాలి. ఒక రోజు గడువున్న రికార్డును గంట ముందు తగ్గిస్తే ఫలితం ఉండదు. కనీసం ఆ రోజంతా గడవాలి.

అసలు చిక్కంతా డీఎన్ఎస్‌ను అడగనివాటితోనే. ప్రోగ్రాములో ఎవరో ఎప్పుడో నేరుగా రాసేసిన అంకెలు డీఎన్ఎస్‌లో మార్చినంత మాత్రాన మారవు. బ్యాంకు ఫైర్‌వాల్‌లోని అనుమతుల జాబితాలో కొత్త అడ్రస్ లేకపోతే చెల్లింపులు నిలిచిపోతాయి. మెయిల్ సర్వర్‌కు, ఏ అడ్రస్‌లు మెయిల్ పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డూ, అంకెలను బట్టి పేరు చెప్పే రివర్స్ డీఎన్ఎస్సూ సరిచేయకపోతే ఉత్తరాలు స్పామ్‌లో పడతాయి. కొత్త అడ్రస్‌ను ఇదివరకు వాడినవారు స్పామ్ పంపి ఉంటే, ఆ మచ్చ కొత్తగా వచ్చినవారికీ అంటుకుంటుంది. పాత అంకెలు ఎక్కడెక్కడ రాసి ఉన్నాయో వెతికి పట్టుకోవడమే ఈ పనిలో అన్నిటికన్నా ఓపిక కోరేది. లారీ ప్రయాణం దాని ముందు చిన్నదే.

మార్చే సమయంలో డేటాబేస్ రెండుచోట్లా రాతలు స్వీకరించకూడదు. స్వీకరిస్తే కొన్ని ఆర్డర్లు పాతదానిలో, కొన్ని కొత్తదానిలో చేరతాయి. తర్వాత కలపడం కష్టం. పాతదానిలో రాతలు ఆపి, చివరి మార్పులు కొత్తదానికి చేరాకే తలుపు తెరవాలి.

పాత అడ్రస్‌ను వెంటనే వదిలేయకూడదు. డీఎన్ఎస్‌కు మూలమైన 13 రూట్ సర్వర్ పేర్లలో ఒకటైన బి-రూట్ 2023 నవంబరు 27న కొత్త అంకెలకు మారింది. దాన్ని నడిపే సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ సంస్థ పాత అడ్రస్‌లోనూ కనీసం ఏడాదిపాటు జవాబిస్తామని ప్రకటించింది. మామూలు సంస్థలకు అంతకాలం అక్కర్లేదు. వచ్చిన అభ్యర్థనలను కొత్తచోటికి పంపిస్తూ, పాత సర్వర్ లాగ్‌ను రోజూ చూస్తే ఇంకా ఎవరు మారలేదో తెలుస్తుంది. వారందరికీ కబురు అందాకే దాన్ని ఆపాలి.