తాత బండి బయల్దేరింది!

కిక్కు కొడితే ఓ పట్టాన స్టార్టు కాదు. అయిందంటే వీధి వీధంతా మేలుకుంటుంది. పొగ, చప్పుడు, పెట్రోలు వాసన... కొందరికి అవే పంచప్రాణాలు. అలాంటి పాత మోటారుసైకిళ్లకూ ఏడాదికో పండగ ఉంది. వరంగల్ నుంచి ఆ పండక్కి బండి మీదే వెళ్లడమంటే... చిన్నసైజు సాహసయాత్రే!

జులై నెల రెండో ఆదివారం. జావా, యెజ్డీ ప్రేమికులు ‘అంతర్జాతీయ జావా దినోత్సవం’ జరుపుకునే రోజది. హైదరాబాద్, బెంగళూరు, మైసూరు, పుణే... ఇలా పెద్ద ఊళ్లన్నిట్లోనూ ఆ ఉదయం పాత బళ్లు బారులు తీరతాయి. వరంగల్ వాళ్లకు దగ్గర్లో ఉన్నది హైదరాబాదే. దాదాపు 145 కిలోమీటర్లు. కారులో అయితే రెండున్నర, మూడు గంటల పని. యాభై ఏళ్ల బండికి మాత్రం అంత తొందర పనికిరాదు. అందుకే తెల్లవారుజామున అయిదింటికల్లా హన్మకొండ దాటేయాలి.

ముందురోజే మొదలు

ప్రయాణం ఆదివారమే అయినా హడావుడి శనివారమే మొదలవుతుంది. ప్లగ్గు విప్పి మసి గీకాలి. కాంటాక్ట్ పాయింట్లు శుభ్రం చేయాలి. చెయినుకు నూనె పెట్టాలి. క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, రెండు ప్లగ్గులు, స్పానర్లు సంచిలో సర్దుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం ఆయిలు డబ్బా. ఇవి టూ స్ట్రోక్ ఇంజిన్లు. పెట్రోల్లో కలిపిన నూనే లోపల పిస్టన్‌ను కాపాడుతుంది. లీటరుకు ముప్ఫై నలభై మిల్లీలీటర్లు పోయాల్సిందే. మర్చిపోయారో, దారి మధ్యలో ఇంజిను పట్టేస్తుంది!

పైగా అది వానాకాలం. పాయింట్లలోకి తడి చేరితే బండి మొరాయిస్తుంది. పాత జావాలకు ఆరు వోల్టుల కరెంటే కాబట్టి హెడ్‌లైటు వెలుగు అంతంతమాత్రం. అందుకే వెళ్లడం ఎంత పెందలాడే వెళ్లినా, చీకటిపడేలోగా ఇల్లు చేరేలా లెక్క వేసుకుంటారు.

ఆగి... ఆగి...

కాజీపేట, స్టేషన్ ఘన్‌పూర్, రఘునాథపల్లి... నాలుగు వరుసల రోడ్డు మీద కార్లన్నీ రయ్యిమని దూసుకుపోతుంటాయి. ఎడమ పక్కగా గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో పటపటమంటూ పాత బళ్లు. ఓ గంట నడిపాక ఇంజిను చల్లారనివ్వాలి. జనగామలో చాయ్ కోసం ఆగడం బండికీ మంచిదే, మనిషికీ మంచిదే. అక్కడే అసలు సందడి. ఎవరో ఓ పెద్దాయన దగ్గరికొచ్చి ట్యాంకు నిమురుతాడు. ‘గిది మా బాపుకు కూడా ఉండె’ అంటాడు. ఆ బండి మీద పెళ్లిచూపులకు వెళ్లిన ముచ్చటో, ముందు ట్యాంకు మీద పిల్లాణ్నీ వెనక భార్యనూ ఎక్కించుకుని జాతరకు వెళ్లిన సంగతో చెబుతాడు. కొత్త బండి దగ్గర ఇలా ఎవరాగుతారు?

ఆ పక్కనే పెంబర్తి. కాకతీయుల కాలం నుంచీ ఇత్తడికి ప్రాణం పోస్తున్న ఊరు. పాత లోహానికి మెరుగులు దిద్దడం ఈ దారికి కొత్తేమీ కాదన్నమాట! ఆలేరు, భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్ దాటి ఉప్పల్ చేరేసరికి తొమ్మిదవుతుంది.

ప్రాగ్ నుంచి మైసూరుకు

జావా పుట్టింది మనదేశంలో కాదు. ఫ్రాంటిషెక్ జనేచెక్ అనే చెక్ పారిశ్రామికవేత్త 1929లో ప్రాగ్‌లో మొదలుపెట్టాడు. జర్మనీకి చెందిన వాండరర్ సంస్థ నుంచి బండి తయారీ హక్కులు కొన్నాడు. తన పేరులోని ‘జ’, ఆ సంస్థ పేరులోని ‘వా’ కలిపితే ‘జావా’ అయింది. ఇరానీ కుటుంబం మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ పెట్టి 1961లో ఇక్కడ తయారీ ప్రారంభించింది. 1973 నుంచి బండి పేరు యెజ్డీగా మారింది. ఇరాన్‌లోని యెజ్ద్ నగరం మీదుగా వచ్చిన పేరది. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది.

ఒకటే సిలిండరు, రెండు సైలెన్సర్లు. స్టార్టు చేసే కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా. క్లచ్ నొక్కకుండానే గేరు మార్చొచ్చు. ఇన్ని వింతలున్నా కాలం ముందు నిలవలేకపోయింది. 1985లో హీరోహోండా సీడీ 100 రావడంతో జనం మైలేజీ లెక్కలు వేయడం నేర్చుకున్నారు. కాలుష్య నిబంధనలూ బిగిశాయి. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లతో మళ్లీ కొత్త బళ్లు వచ్చాయి కానీ అవి ఫోర్ స్ట్రోక్‌వి. ఆ పాత పటపట వాటిలో లేదు.

పాతబళ్ల కలయికల్లో జావాలే కాదు, 1955లో మద్రాసులో తయారీ మొదలైన బుల్లెట్లూ కనిపిస్తాయి. పాత బుల్లెట్‌కు గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు. దాన్ని స్టార్టు చేయడానికి బలం కన్నా ఒడుపు ముఖ్యం. తేడా వస్తే కాలినే వెనక్కి తన్నుతుంది! 1973లో వచ్చిన ‘బాబీ’ సినిమాతో కుర్రకారును ఊపేసిన చిన్న రాజ్‌దూత్, 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350... ఒక్కోదానిదీ ఒక్కో కథ. ఎవరి దగ్గర ఏ విడిభాగం దొరుకుతుంది, ఏ మేస్త్రీ కార్బురేటర్ బాగు చేస్తాడు... అక్కడ చేరినవాళ్ల మాటలన్నీ వీటి చుట్టూనే. ఆ సమాచారమే వాళ్లకు పెద్ద బహుమతి. ఎందుకంటే ఇంజిను చప్పుడు విని రోగం చెప్పే పాతకాలం మెకానిక్కులు ఏటికేడు తగ్గిపోతున్నారు. పైగా ఇప్పుడు దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. ఈ బళ్లలోని పాతకాలం రబ్బరు పైపులు, వాషర్లు దానికోసం చేసినవి కావు. వాటిని గమనిస్తూ ఎప్పటికప్పుడు మార్చుకోవాలి.

కాగితాలు జాగ్రత్త

మీ పెరట్లోనో, మెట్ల కిందో తాతగారి బండి ఒకటి దుమ్ము కొట్టుకుపోతోందా? పాత ఇనుము కింద అమ్మేసేముందు ఒక్క క్షణం ఆగండి. ముందు ఆర్సీ వెతకండి. బండి నడవకపోయినా బాగు చేయించొచ్చు కానీ కాగితాలు లేకపోతే రోడ్డెక్కించడం కష్టం. సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల వరకే చెల్లుతుంది. ఆ తర్వాత అయిదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. యజమాని కాలం చేస్తే వారసుల పేరు మీదికి మార్చుకోవడానికి ఫారం 31 ఉంటుంది. ఇన్సూరెన్సూ, పొల్యూషన్ సర్టిఫికెట్టూ మామూలే.

బండి వయసు యాభై దాటి, అసలు రూపం చెడకుండా ఉంటే మరో దారీ ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తీసుకొచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. నంబరులో ‘వీఏ’ అక్షరాలుంటాయి. కాకపోతే ఆ బండిని రోజూ ఆఫీసుకు తీసుకెళ్లకూడదు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతులకూ మాత్రమే బయటికి తీయాలి. తొలినాటి రోడ్‌కింగ్‌లకు 2028లో యాభై నిండుతాయి. అందుకే మోజుకొద్దీ హ్యాండిల్ మార్చడం, ఛాసిస్ కోయడం వద్దు. తీసేసిన భాగాన్ని కూడా పారేయకుండా దాచుకోవాలి.

తిరుగు ప్రయాణంలో మడికొండ దాటేసరికి పొద్దు వాలుతుంది. చేతులు తిమ్మిరెక్కుతాయి, చొక్కా నిండా నూనె వాసన. ఇంటిముందు బండి ఆపగానే మనవడు పరుగెత్తుకొస్తాడు... ‘ఒక్క రౌండు తిప్పవా తాతా?’ అంటూ.

ఇనుము అమ్మితే కిలోల లెక్కన డబ్బులొస్తాయి. ఆ మాటను ఏ కాటా మీద తూచగలం?