ముల్లు ఎర్రగీత తాకితే...

ఎండలు ముదిరాయంటే కాశిబుగ్గ దారిలో ఎటు చూసినా మిర్చి ఎరుపే. ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలతో వచ్చే ట్రాక్టర్లు, డీసీఎంలు, ఆటోలు... వాటి వెనకాల ఇరుక్కుందో కారు. లోపల పిల్లాపాపలతో ఓ కుటుంబం. ఏసీ ఫుల్లుగా ఉంది. పావుగంట గడిచేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి! చుట్టూ చేరినవాళ్లలో ఒకాయన వెంటనే సలహా ఇచ్చేస్తాడు... ‘మూత తీసి నీళ్లు పొయ్యండి సార్!’

సరిగ్గా ఆ పనే చేయకూడదు. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూతకు చుట్టం. లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి 100 డిగ్రీలు దాటినా నీళ్లు మరగవు. మూత కదిలితే ఒత్తిడి పోయి, ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. కారు పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, కనీసం అరగంట ఆగాల్సిందే. కాలుతున్న ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోస్తే హెడ్ పగిలే ప్రమాదమూ ఉంది.

అసలు సంగతేమిటంటే, వేడెక్కడం జ్వరం లాంటిది. జబ్బు వేరే ఉంటుంది. అందుకే మంచి మెకానిక్ స్పానర్ పట్టుకునే ముందు ‘ఎప్పుడు వేడెక్కుతోంది?’ అని అడుగుతాడు.

ట్రాఫిక్‌లో ముల్లు లేచి, నర్సంపేట వైపు ఖాళీ రోడ్డెక్కగానే దిగిపోతోందా? మొదటి అనుమానం ఫ్యాన్ మీదే. బండి పరుగెత్తితే గాలి దానంతటదే రేడియేటర్‌కు తగులుతుంది. నిలబడితే ఫ్యానే దిక్కు. చాలా కార్లలో ఏసీ వేయగానే ఫ్యాన్ తిరగాలి. తిరగలేదంటే ఫ్యూజు, రిలే, మోటారు వరసగా చూడాలి. ఒక్కోసారి చిన్న ఫ్యూజుతోనే పని అయిపోతుంది.

ఊళ్లో బాగుండి, హైవే మీద వేడెక్కితే కథ వేరు. రేడియేటర్ పూడుకుపోయి ఉండొచ్చు. బయట దుమ్ము, పత్తి నూగు. లోపల ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్ల తెల్లటి పొర. కూలెంట్ కలిపేది అందుకే. వాటర్ పంపు అరిగినా ఇంతే. ఎక్కడైనా ఎప్పుడైనా వేడెక్కుతుంటే ముందు లీకేజీ వెతకాలి.

పై పైపు కాలిపోతూ, కింది పైపు చల్లగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోలేదేమో చూడాలి. సుమారు 80-90 డిగ్రీల దగ్గర తెరుచుకుని రేడియేటర్‌కు నీళ్లు వదిలే చిన్న వాల్వు ఇది. ‘మన ఎండలకు ఇదెందుకు సార్’ అని పీకి పారేసే మెకానిక్‌లు మనకు కొత్త కాదు. అప్పటికి ముల్లు దిగుతుంది, నిజమే. కానీ ఇంజిన్ కావలసినంత వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. కొత్తది వేయించుకోవడమే నయం.

ఇంకో మోసం ఉంది. నీళ్లు పూర్తిగా కారిపోతే సెన్సర్‌కు తగిలేది గాలే. అప్పుడు లోపల ఇంజిన్ మాడుతున్నా ముల్లు కిందికి దిగొచ్చు! ‘చల్లబడింది’ అనుకుని స్టార్ట్ చేస్తే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఆయిల్ మూత కింద పాలు కలిపిన టీ రంగు నురగ, సైలెన్సర్‌లో ఆగని తెల్లపొగ కనిపిస్తే ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకుండా, ట్రాలీ పిలిపించి షెడ్డుకు చేర్చాలి.