ఊలార్ తీరమున కొల్లేరు తలపు

గడచిన వేసవి సెలవులలో మేము ఏలూరు నుండి కాశ్మీరు లోయకు విహారయాత్ర వెడలితిమి. మంచుకొండల నడుమ ఊలార్ సరస్సును చూడగానే మాకు కొల్లేరు స్ఫురించినది. జీలం నది వరదను ఊలార్ తనలో నిలుపుకొని నెమ్మదిగా దిగువకు విడుచును. మన కొల్లేరును అట్లే బుడమేరు, తమ్మిలేరుల వరదను భరించి, ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పంపును. ఊలార్ 1990లో, కొల్లేరు 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలలుగా రామ్‌సార్ జాబితాకెక్కినవి. అయినను అచ్చట విల్లో చెట్ల తోటలు, ఇచ్చట చేపల చెరువులు నీటి చోటును ఆక్రమించినవి. కొల్లేటిలో పెక్కు చెరువుల గట్లను ప్రభుత్వము 2006లో తొలగించినది. సరస్సు కుదించుకొనిపోయినచో వరద మన ఊళ్ళలో చోటు వెదకుకొనును. అందమును వెదకుచు అంత దూరమేగిన మేము, ఇంటి ముంగిటి సరస్సు విలువను అచ్చట నేర్చితిమి. సోదర విద్యార్థులారా! శీతకాలమున ఒకమారు ఆటపాక గూడబాతులను చూచి రండు.