ఏటా దారి మార్చే నీటికి పటం

బోట్స్వానాలోని ఒకవాంగో డెల్టాకు వరద వచ్చేది వానల కాలంలో కాదు, చుట్టూ నేల ఎండిపోయే జూన్, జులై, ఆగస్టు నెలల్లో. కొన్ని నెలల ముందు అంగోలా మిట్ట ప్రాంతాల్లో కురిసిన వాన కుబాంగో, కుయిటో నదుల వెంట నిదానంగా దిగి అప్పటికి అక్కడికి చేరుతుంది. ఆ నీరు సముద్రం ముఖం చూడదు. కలహారి ఇసుకలో కొంత ఇంకిపోతే, మిగతాదాంట్లో చాలా భాగం ఆవిరైపోతుంది. ఇలాంటి చోట ఒడ్డు గీతలు గీసినంత మాత్రాన పటం పూర్తయినట్టు కాదు. నీరు ఏ నెలలో ఎక్కడ ఉంటుందో, ఎక్కడి నుంచి వస్తుందో కూడా అందులోకి ఎక్కాలి.

అక్కడ పాయలు ఒక్కచోట నిలవవు. ప్రవాహం మోసుకొచ్చిన ఇసుకతో అడుగు మేట వేస్తుంది, పాపిరస్ తుంగ అల్లుకుని దారి మూసేస్తుంది, నీరు పక్కకు తిరుగుతుంది. మేతకు వెళ్లే నీటిగుర్రాలు తొక్కిన బాటలే కొన్నిచోట్ల కొత్త కాలువలవుతాయి. వరదకు మునగని చెదపుట్ట మీద ఒక చెట్టు మొలిస్తే, అదే మెల్లగా లంకగా పెరుగుతుంది. 1849లో అన్వేషకుడు లివింగ్‌స్టన్ డెల్టా అంచున చూసిన న్గామీ సరస్సు విశాలమైన జలాశయం. దానికి నీరిచ్చే పశ్చిమపు పాయ పూడుకుపోయాక అది ఎండుతూ వచ్చింది. ఆనాటి పటం తప్పు కాదు, దాని కాలం చెల్లింది.

ఉపగ్రహాలుండగా అక్కడికే వెళ్లి పటం వేసే ఈ శ్రమ ఎందుకని అడగవచ్చు. నీరు ఎంతమేర పరుచుకుందో అవి చక్కగా చెబుతాయి. తుంగ కింద లోతెంతో, దారి సాగుతుందో లేదో మాత్రం మొకోరో అనే దోనెను గడవేసి నడిపేవాళ్లకే తెలుసు. అంగోలా వైపు 1975 నుంచి 2002 దాకా సాగిన యుద్ధం, అది మిగిల్చిన మందుపాతరలు పరిశోధకులను దూరం పెట్టాయి. 2015లో నేషనల్ జియోగ్రాఫిక్ బృందం కుయిటో మూలం నుంచి దోనెల్లో దిగుతూ కొలతలు తీసింది. అక్కడివాళ్లు ఆ ఊటల సీమను లిసిమా ల్యా మ్వోనో అంటారు, జీవపు ఊట అని.

పటం వేస్తే వేటగాళ్లకు, చమురు కంపెనీలకు దారి చూపినట్టేనన్న భయం న్యాయమైనదే. గూళ్లు, ఏనుగుల దారుల వంటి వివరాలు బయట పెట్టకూడదు కూడా. కానీ పటంలో లేని ఊట కాగితాల మీద ఖాళీ నేలే. ఖాళీ నేల తరఫున వాదించడం ఎవరి తరం? 2014లో యునెస్కో ఈ డెల్టాను వెయ్యవ ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అప్పుడు గీసిన హద్దు బోట్స్వానా లోపలే ఆగింది, నీరు పుట్టే అంగోలా దాని బయటే ఉండిపోయింది.