పరిశ్రమ ముంగిట విద్యార్థి

విద్యకును వృత్తికిని నడుమ వారధి కట్టవలెనన్న ఆలోచన నిన్న మొన్నటిది కాదు. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయములో 1906లో హెర్మన్ ష్నైడర్ అను ఆచార్యుడు, విద్యార్థులు కొంతకాలము తరగతిలోను, కొంతకాలము కర్మాగారములోను గడుపు పద్ధతిని ప్రారంభించినాడు. మన దేశములో అప్రెంటిస్ చట్టము 1961లో వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 విద్యా సంవత్సరము నుండి డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను ప్రవేశపెట్టినారు.

పరవాడ పరిసరములలో ఇందుకు అవకాశములు కొల్లలు. 2002లో ఉత్పత్తి ప్రారంభించిన సింహాద్రి థర్మల్ విద్యుత్కేంద్రములో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు ఉన్నవి. జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీలో మందుల కర్మాగారములు ఉన్నవి. ఉక్కు కర్మాగారము, ఓడరేవు ఎంతో దూరములో లేవు. అయితే అవకాశము ఉన్నంత మాత్రమున ప్రాజెక్టు ఫలించదు. దానిని నడుపు తీరు తెలియవలెను.

మొదటిది ప్రశ్నను ఎన్నుకొనుట. "కార్మిక భద్రత" అన్నది ప్రాజెక్టు కాజాలదు, అది మహాసముద్రము. "ఈ విభాగములో గోడలపై వ్రాసిన భద్రతా సూచనలు కార్మికులకు అర్థమగుచున్నవా?" అన్నది ప్రాజెక్టు. ఇతర రాష్ట్రముల నుండి వచ్చిన కార్మికులలో తెలుగు చదువలేనివారు ఉందురు. హిందీ మాట్లాడువారితో మన ఉర్దూ విద్యార్థి సులభముగా సంభాషింపగలడు. తెలుగు విద్యార్థి స్థానికులతో మాట్లాడగలడు. ఇద్దరును కలసి ఆరు వారములలో ముగింపగల పని ఇది. ఏ సూచన ఎవరికి బోధపడలేదో, దానికి బదులు ఏ బొమ్మ, ఏ మాట ఉండవలెనో తేల్చి చెప్పినచో సంస్థకు అది వెంటనే అక్కరకు వచ్చును.

రెండవది ముందుగా వ్రాసికొనవలసిన ఒప్పందము. పని ఏది, గడువు ఎంత, ఏ సమాచారము చూపుదురు, దేనిని బయట పెట్టరాదు అన్నవి ఒక కాగితముపై ఉండవలెను. మందుల తయారీ విధానములను సంస్థలు రహస్యముగా కాపాడుకొనును. నివేదికలో ఏ భాగమును పరీక్షకులకు చూపవచ్చునో తొలినాడే నిర్ణయింపనిచో, చివరకు మార్కుల వేళ విద్యార్థి చిక్కులలో పడును.

మూడవది పర్యవేక్షణ. కళాశాల నుండి ఒక అధ్యాపకుడు, సంస్థ నుండి ఒక ఉద్యోగి బాధ్యత వహింపవలెను. విద్యార్థి దినచర్య వ్రాయవలెను. వారమునకు ఒకసారి దానిని ఇరువురును చూడవలెను. సంస్థవారు మధ్యలో కొత్త పనులు చేర్చుచు పోయినచో, వద్దని మర్యాదగా చెప్పవలసినది అధ్యాపకుడే గాని విద్యార్థి కాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణరక్షణ. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురములోని ఒక ఔషధ కర్మాగారములో జరిగిన ప్రమాదములో పదిహేను మందికి పైగా మరణించినారు. ఆ వార్త విన్న తల్లిదండ్రులు తమ బిడ్డలను మనకు ఏ ధైర్యముతో అప్పగింతురు? భద్రతా శిక్షణ పూర్తికానిదే విద్యార్థి గేటు దాటి లోనికి పోరాదు. బీమా లేనిదే పంపరాదు. రియాక్టరు వద్ద ఒంటరిగా నిలుపు సంస్థ ఎంత పేరుగలదైనను మనకు వలదు.

చివరి మాట. విద్యార్థి జీతము లేని కూలి కాడు. నెలల తరబడి బిల్లులు సర్దించి ధ్రువపత్రము చేతిలో పెట్టినచో, అది విద్య అనిపించుకొనదు. అట్లే సంస్థ సమయమును తీసికొని, ఎవరును చదువని నివేదికను బైండు చేయించి అటక మీద పెట్టుటయు న్యాయము కాదు. ముగింపునాడు విద్యార్థి తన ఫలితములను ఆ సంస్థ ఉద్యోగుల ఎదుట నిలబడి వివరింపవలెను. వారడుగు ప్రశ్నలే అసలైన పరీక్ష. కళాశాల కమిటీ పెద్దలు ఈ నియమములను ఒక పుటలో ముద్రించి, ప్రతి ప్రాజెక్టుకును ముందుగా సంతకము చేయించిన యెడల, మన పిల్లలు క్షేమముగా పోయి, నేర్చుకొని, క్షేమముగా తిరిగి రాగలరని మా విశ్వాసము.