మంచు లేని ఊరి నుంచి మళ్లీ స్కీ మీదికి

రియాద్‌లో ఎండాకాలం మధ్యాహ్నాలు 45 డిగ్రీలు దాటిపోతాయి. అలాంటి ఊళ్లో ఉంటూ, ఎప్పుడో నేర్చుకుని వదిలేసిన స్కీయింగ్‌ను మళ్లీ మొదలుపెడతానని చక్రాల కుర్చీలో తిరిగే మనిషి అంటే, ఇంట్లోవాళ్లు ముందు అడిగే మాట ఒక్కటే: మంచెక్కడుంది? నిజానికి అసలు చిక్కు మంచుతో కాదు. ఏళ్ల తర్వాత తిరిగి వెళ్లే దివ్యాంగుడికి మంచు మీద చేసే సాధన కన్నా, మంచు దగ్గరకు వెళ్లకముందు ఊళ్లో చేసుకునే సాధనే ఎక్కువ అవసరం. ఆ పనికి రియాద్ ఏ మంచు ఊరికీ తీసిపోదని నా వాదన.

ముందు ఈ ఆట ఎలా ఉంటుందో చెప్పుకోవాలి. దీనికి పునాది పడింది ఆస్ట్రియాలో. గ్రెనేడ్ పేలి రెండు కాళ్లూ పోగొట్టుకున్న సెప్ జ్విక్‌నాగెల్ అనే సైనికుడు కృత్రిమ కాళ్లతో స్కీయింగ్ నేర్చుకుని, కిట్జ్‌బ్యూల్‌లో పదిమందికి నేర్పే స్థాయికి వెళ్లాడు. 1948లో అదే దేశంలోని బాడ్‌గాస్టైన్‌లో 17 మంది దివ్యాంగులతో పోటీలు జరిగాయి. 1976లో స్వీడన్‌లో తొలి శీతాకాల పారాలింపిక్స్ జరిగినప్పుడు అవయవాలు కోల్పోయినవారు, చూపు లేనివారే పాల్గొన్నారు. కూర్చుని స్కీ చేసేవారి పోటీలు 1988 ఇన్‌స్‌బ్రుక్ క్రీడల్లో గానీ రాలేదు. వాళ్లు వాడే మోనో స్కీని దగ్గర్నుంచి చూస్తే ఇంతే: నడుమును గట్టిగా పట్టి ఉంచే ఫైబర్ బకెట్ సీటు, దాని కింద బైకుకు ఉండే తరహా షాక్ అబ్జార్బరు, ఆ కింద ఒకే ఒక్క స్కీ. రెండు చేతుల్లో అవుట్‌రిగ్గర్లు, అంటే కొసన చిన్న స్కీ ముక్క బిగించిన పొట్టి చేతికర్రలు. మలుపు తిరగాలన్నా, పడి లేవాలన్నా ఆధారం అవే. ఒంటి పైభాగం మీద పట్టు తక్కువగా ఉన్నవారికి కింద రెండు స్కీలుండే బై స్కీ ఉంది. దాన్ని శిక్షకుడు వెనక నుంచి పట్టీతో అదుపు చేస్తాడు.

మనిషి నేర్చుకున్నవన్నీ ఒకేలా మరిచిపోడు. సైకిలు తొక్కడం, ఈత కొట్టడం లాగా తెంపు లేకుండా సాగే ఒంటి నైపుణ్యాలు ఏళ్లు గడిచినా నిలుస్తాయి. ఒకదాని తర్వాత ఒకటి వరసగా చేయాల్సిన పనులు మాత్రం తొందరగా చెదిరిపోతాయి. నైపుణ్యాల మీద జరిగిన పరిశోధనల్లో పదే పదే తేలిన విషయమిది. స్కీయింగ్‌కు దీన్ని అన్వయించి చూడండి. బరువును ఒక పక్కకు వాల్చి మలుపు తిప్పడం మొదటి రకం, అది ఒకటి రెండు రోజుల్లోనే తిరిగి వచ్చేయొచ్చు. ఏ పట్టీ తర్వాత ఏది బిగించాలి, లిఫ్టు కుర్చీ ఎక్కే ముందు సీటును పైకి లేపే పిడి ఎప్పుడు లాగాలి, లిఫ్టు మధ్యలో ఆగిపోతే కిందికి దించే తాడు ఎక్కడ తగిలించాలి, ఇవన్నీ రెండో రకం. అంటే వేగం ముందొస్తుంది, జాగ్రత్త వెనకబడుతుంది. తిరిగొచ్చిన మనిషికి, కొత్తగా నేర్చుకునేవాడికి లేని ముప్పు ఇక్కడే ఉంది. కొత్తవాడికి భయమన్నా ఉంటుంది.

ఈలోగా ఒళ్లు కూడా మారిపోతుంది. వెన్నుపాము దెబ్బతిన్నాక కాళ్ల ఎముకల బలం మొదటి రెండు మూడేళ్లలోనే బాగా తగ్గుతుంది. కొందరికి మంచం మీంచి కుర్చీలోకి మారేటప్పుడే తొడ ఎముక విరిగిన సందర్భాలున్నాయి. ఏళ్లపాటు చక్రాలు తోసిన భుజాలు అరిగిపోయి ఉంటాయి, అవుట్‌రిగ్గర్ల భారం పడేదీ ఆ భుజాల మీదే. ఒకప్పుడు సరిగ్గా అమరిన సీటు ఇప్పుడు బిగువో వదులో అవుతుంది. స్పర్శ లేని చోట అది ఒరుసుకుంటే పుండు పడేదాకా తెలియదు. ఛాతీ ఎత్తునో ఆ పైనో గాయమైనవారికి కింది భాగంలో చెమట పట్టడం, వణుకు రావడం సరిగా జరగవు కాబట్టి ఎండలోనూ చలిలోనూ ఒంటి వేడి అదుపు తప్పుతుంది. ఇన్ని మార్పుల్లో మంచు మీద సరిదిద్దగలిగింది ఒక్కటీ లేదు. ఎముకల పరీక్ష, భుజాల వ్యాయామం, సీటు అమరిక, చర్మాన్ని రోజూ అద్దంలో చూసుకోవడం, అన్నీ ఊళ్లో చేసుకోవాల్సినవే. మంచు మీది ఆటకూ నేల మీది సాధనకూ లంకె ఉందనడానికి ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికా క్రీడాకారిణి మఫీ డేవిస్ 1989లో స్కీ సాధన చేస్తూ పడి, ఛాతీ కింది భాగమంతా చచ్చుబడిన మనిషి. స్టాన్‌ఫర్డ్‌లో చదువు ముగించుకుని మళ్లీ పోటీల్లోకి వచ్చి 1998 నగానోలో కాంస్యం, 2002లో సాల్ట్‌లేక్ సిటీలో మూడు రజతాలు గెలిచారు. 2012 లండన్‌లో చేతులతో తొక్కే సైకిలు మీద మూడు స్వర్ణాలు తెచ్చుకున్నారు. మంచు మీద పనిచేసిన చేతులే రోడ్డు మీదా పనిచేశాయి. రెంటి మధ్యా దారి ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

రియాద్‌లో ఏముందో ఇప్పుడు చూద్దాం. 2002లో మొదలైన సుల్తాన్ బిన్ అబ్దులజీజ్ హ్యుమానిటేరియన్ సిటీ ఈ ప్రాంతంలోనే పెద్ద పునరావాస వైద్య కేంద్రాల్లో ఒకటి. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో చక్రాల కుర్చీ వంద మీటర్ల పరుగు టీ53 విభాగంలో స్వర్ణం గెలిచిన అబ్దుల్‌రహ్మాన్ అల్ ఖురషీ ఈ దేశపువాడే. ట్రాకు, కోచ్, ఏళ్ల తరబడి మద్దతు ఉన్నచోట ఫలితం వస్తుందని అతని విజయం చెబుతోంది. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో ఫాయిక్ అబ్దీ అనే స్కీయర్ జెయింట్ స్లాలమ్ పోటీలో 44వ స్థానంలో నిలిచి, ఆ క్రీడల్లో సౌదీ తరఫున దిగిన తొలి మనిషయ్యాడు. అదే ఏడు జరిగిన శీతాకాల పారాలింపిక్స్‌లో మాత్రం సౌదీ జట్టు లేదు. ఊళ్లో ఒథైమ్ మాల్‌లోని స్నో సిటీ 2016 నుంచి ఉంది. అది కుటుంబాలు మంచులో ఆడుకునే చోటే గానీ పొడవైన స్కీ వాలు కాదు. అయినా చలికి ఒళ్లు ఎలా స్పందిస్తోందో, చేతి తొడుగులతో పట్టీలు బిగించడం వీలవుతోందో లేదో చూసుకోవడానికి పనికొస్తుంది. అసలు వాలు కావాలంటే 2005లో తెరిచిన స్కీ దుబాయ్‌లో 400 మీటర్లది ఉంది. రియాద్‌కు లేనిదల్లా ఆసుపత్రి ఫిజియోథెరపీ హాలుకూ ఆ వాలుకూ మధ్య వంతెన. అంటే, రెండు వైపులా తెలిసిన శిక్షకుడు, కొలతలు తీసి సీటు అమర్చే నిపుణుడు, నెలకోసారైనా నేల మీదే పట్టీల వరస సాధన చేయించే ఏర్పాటు.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా కదా అనేవాళ్లుంటారు. ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఇక్కడికి పనికొచ్చి, పరంజా మీంచి పడి నడుం విరిగి, స్ట్రెచర్ మీద విమానమెక్కి జగిత్యాలకో కడపకో చేరే కూలీ ముందు స్కీయింగ్ ఊసెత్తడం ఎబ్బెట్టుగానే ఉంటుంది. మోనో స్కీ ఖరీదైందే, దాన్ని కాదనలేం. కానీ పైన చెప్పిన తయారీలో మంచుకు మాత్రమే పనికొచ్చేది చాలా కొంచెం. సరైన సీటు, పుండ్లు పడకుండా చూసుకునే అలవాటు, భుజాలు అరగకుండా కుర్చీ మారే పద్ధతి ఆ కూలీకీ కావాల్సినవే, ఇంకా ఎక్కువగా కావాల్సినవి. ఇవి నేర్పే మనుషులు ఊళ్లో పెరిగితే లాభం ఇద్దరికీ. మరి బాస్కెట్‌బాల్ ఆడుకోవచ్చు కదా, ప్రమాదం తక్కువ కదా అన్నది ఇంకో ప్రశ్న. ఆడొచ్చు, తప్పకుండా. అయితే ఏ ఆట కావాలో ఎంచుకునే హక్కు కాళ్లున్నవాళ్లకు ఉన్నట్టే లేనివాళ్లకూ ఉంది. ప్రమాదం తెలిసి, దానికి తగ్గట్టు సిద్ధమయ్యాక తీసుకునే నిర్ణయాన్ని ప్రేమ పేరుతో అడ్డుకోవడం ఇంట్లోవాళ్లకు తగదు.

అలా సిద్ధమై వెళ్లినవారు మొదటి రోజు పాత వాలు జోలికి పోకూడదు. ఒకప్పుడు మోనో స్కీలో ఒంటరిగా దిగినవారైనా సరే, వెనక పట్టీ పట్టుకునే శిక్షకుడితో చిన్న వాలు మీద మొదలుపెట్టాలి. కావాలని పడి, లేచి చూసుకోవాలి. గంటకోసారి లోపలికి వచ్చి, సాక్సులు విప్పి, స్పర్శ లేని వేళ్ల రంగు చూడాలి. ఒంట్లో ఇంకా ఓపిక ఉందనిపిస్తున్నప్పుడే ఆ రోజుకు ఆపేయాలి.